శ్రేయ రాసిన పద్నాలుగు పంక్తులు

హామిల్టన్,
ఆదివారం.

అక్కకి,

వాణి నమస్కరించి రాస్తున్నది. నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? బావగారు మాత్రలు వేళకు వేసుకుంటున్నారా? నేను బాగానే ఉన్నాను, బెంగ పెట్టుకోకు. ఫోనులో చెప్పలేని సంగతి ఒకటి ఉండి కాగితం తీశాను.

ఇక్కడ ఇప్పుడు చలికాలం. వారం రోజులుగా ముసురు. గదిలో హీటర్ ఉంది, ఒంటికి ఇబ్బందేమీ లేదు. పద్మ వదిన ఇంట్లోనే అద్దెకుంటున్నాను. ఏలూరు వాళ్ళు, ఐటీ ఉద్యోగాల మీద వచ్చి స్థిరపడ్డారు. ఈ ఊళ్ళో కారు లేనిదే కాలు కదపలేం. నాకు డ్రైవింగ్ రాదు కనుక వాళ్ళమ్మాయి శ్రేయే యూనివర్సిటీకి తీసుకెళ్తుంది. నా పరిశోధన చేసుకుంటూ అక్కడే ఒక క్లాసుకు పాఠం చెప్తాను. అందులో శ్రేయ కూడా ఉంది. పాఠం పాత ఇంగ్లీషు సాహిత్యం: రాజు ప్రవాసం నుంచి తిరిగొచ్చి సింహాసనం ఎక్కిన నాటి నుంచి, కొండల్నీ మబ్బుల్నీ చూసి గుండె విప్పిన కవుల దాకా.

మొదట్లో వ్యంగ్య కవిత్వం చెప్పాను. ఆ కాలపు కవులు ఒకరినొకరు పద్యాల్లో చీల్చి చెండాడుకునేవారు. మీరూ బతికున్న మనిషి మీద అలా రాసుకు రండి, జాలి చూపితే మార్కులు తగ్గిస్తానన్నాను.

శ్రేయ నా మీద రాసింది. నేను వంటింట్లో పద్మ వదినతో చెప్పుకున్నదంతా ఆ పిల్ల వింటోందని నాకు తట్టనే లేదు. ఎప్పుడూ ఇంగ్లీషే మాట్లాడుతుంది కనుక తెలుగు అర్థం కాదనుకున్నాను. పద్యంలో నేనెవరంటే: 'వి'నీ 'డబ్ల్యూ'నీ ఒకేలా పలికే టీచరమ్మ, రెండు పేజీలు తిప్పి లైబ్రరీకి ఇచ్చేసిన పుస్తకంలా మొగుడు ఎనిమిది నెలలకే వెనక్కి పంపేసిన పెళ్ళాం. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను, అక్కా. ఎక్కడా ప్రాస తప్పలేదు. అందరికంటే ఎక్కువ మార్కులు వేశాను. సాయంత్రం ఆ కార్లోనే, ఆ పిల్ల పక్కనే కూర్చుని ఇంటికొచ్చాను.

నెల తర్వాత నా గది తలుపు తట్టింది. వాళ్ళ నాయనమ్మ పోయినప్పుడు వీళ్ళు వెళ్ళలేక ఫోన్లోనే చూశారట. ఎవరో ఫోను పాదాల దగ్గర పట్టుకున్నారు. ముఖం చూపించడం ఎవరికీ గుర్తు రాలేదు. ఆ పాదాల మీద ఇంగ్లీషులో పద్నాలుగు పంక్తులు రాసింది. చదువుతుంటే ఒళ్ళు జలదరించింది. పదకొండేళ్ళుగా పాఠాలు చెప్తున్నాను, ఏ విద్యార్థి రాతలోనూ అలాంటిది చూడలేదు. ఇక రాతనే చదువుగా తీసుకుందామనుకుంటున్నానని, నా మాటే నమ్ముతానని అంది.

కాగితం తిరిగిచ్చేసి నెమ్మదిగానే అన్నాను. "శ్రేయా, ఇందులో నీదంటూ ఏమీ లేదు. ఎవరెవరివో ఏరి పేర్చావు. పక్కవాళ్ళని వెక్కిరించడం నీకొచ్చు. అంతకుమించి లేదు."

అప్పుడు మొదటిసారి నాతో తెలుగులో మాట్లాడింది. "నిజంగా బాలేదా ఆంటీ?"

"బాలేదమ్మా. నీ మేలు కోరే చెప్తున్నా."

థాంక్యూ చెప్పి, చప్పుడు కాకుండా తలుపు వేసి వెళ్ళింది. నీ దగ్గర అబద్ధమెందుకు, నాకు హాయిగా అనిపించింది. ఆ హాయి రెండు రోజులుంది.

పై వారమే కంప్యూటర్ సైన్సుకు మారిపోయింది. పద్మ వదిన సంతోషం పట్టలేక పులిహోర చేసి, నాకు బొట్టు పెట్టి చీర పెట్టింది. మేమెంత మొత్తుకున్నా విననిది, మీరు ఒక్కసారి చెప్తే వింది అంటూ నా చేతులు పట్టుకుంది. చీర తీసుకున్నాను.

ఉండబట్టలేక మొన్న మంగళవారం కార్లో నిజం చెప్పేశాను. ఆ పద్యం చాలా బాగుంది, నీ మీద కోపంతో అబద్ధమాడానన్నాను. శ్రేయ రోడ్డు మీంచి చూపు తిప్పలేదు.

"పర్లేదాంటీ. నన్ను ఓదార్చక్కర్లేదు. బాలేదని నాకూ తెలుసు."

తర్వాత మెల్లగా కారు హీటర్ గాలి నా వైపు తిప్పింది.

బావగారికి నమస్కారాలు, పిల్లలకు ముద్దులు. వీలైతే కాస్త ఇంగువ పంపు. నన్ను దీవించాలా వద్దా అన్నది ఇదంతా చదివాక నీ ఇష్టం.

నీ చెల్లెలు
వాణి