లహరి ఎవరికి విసురుతుంది

నవంబరు 7, శుక్రవారం

మళ్ళీ ఓటమి. మనవరాలు విసిరిన బంతులన్నీ ప్రత్యర్థుల చేతుల్లోకే. ఫ్లాగ్ ఫుట్‌బాల్‌లో నడుముకు కట్టిన రిబ్బను లాగితే ఆట ఆగుతుంది. బంతి ఎవరికి విసరాలో నిర్ణయించేది మాత్రం క్వార్టర్‌బ్యాక్ ఒక్కతే. అంటే మా లహరి.

"కారులో దింపుతా ఉండు అమ్మమ్మా..." ఏడుపు దిగమింగుకుంటూ.

నాకు బస్సు ఉంది.

నవంబరు 8

జట్టు మారుతుందట! ఇక్కడే గల్ఫ్‌లో పక్క ఊరి జట్టు, లుసైల్ వాళ్ళు రమ్మన్నారు. రెండు ఆటలు చూస్తారు, కుదరకపోతే బెంచీయే. కాఫీలో పంచదార రెండుసార్లు వేసుకున్నాను.

నవంబరు 11

తప్పు దొరికింది. కాలేజీ త్రోబాల్ జట్టుకు కెప్టెన్‌గా చేసినదాన్ని, ఇన్నాళ్ళూ పిల్ల చేతినే చూస్తూ కూర్చున్నాను! చేతిలో ఏ లోపమూ లేదు. పాత జట్టులో పెద్దది పద్మ — జగిత్యాల నుంచి ఇక్కడికొచ్చిన నర్సు, గొంతూ పెద్దదే, మనసూ పెద్దదే. "గిటియ్యవే లహరీ, అక్క కనవడ్తలేదా?" అనడమే తడవు, బంతి అటే. పద్మ చుట్టూ ముగ్గురు మూగి ఉన్నా సరే, అవతల మరొకామె ఖాళీగా చేతులూపుతున్నా సరే. పెద్దవాళ్ళు అడిగితే కాదనలేని పిల్ల.

నవంబరు 14, శుక్రవారం

మా అబూ హమూర్ నుంచి బస్సు, ఆపైన లుసైల్‌కి మెట్రో. ఒంటరిగానే.

కొత్త జట్టులో ఫిలిప్పీన్స్, లెబనాన్, కెన్యా పిల్లలు. అందరూ అందరినీ పేర్లతోనే పిలుస్తారు. మన పిల్ల కోచ్‌ను సైతం "సిస్టర్" అంటోంది!

"నో సిస్టర్. రీమ్. యల్లా, త్రో!" యల్లా అంటే కానియ్ అని.

అరిచిన ప్రతివారికీ ఇచ్చింది. ఓడారు. అయితే చివర్లో ఒక్క బంతి — ఎవరూ అడగనిది, ఎవరూ లేని చోటికి... కెన్యా పిల్ల పరుగున వచ్చి అందుకుంది. లేచి నిలబడ్డాను. మోకాళ్ళు తర్వాత గుర్తొచ్చాయి.

నవంబరు 15

ఇంకా ఆ బంతే.

నవంబరు 18

"వాళ్ళు అరుస్తుంటే వినపడదా?" అడిగాను లహరిని.

"వినపడుతుంది. వినకుండా ఉండటం నేర్చుకుంటున్నా."

"మరి మర్యాద?"

"మ్యాచ్ అయ్యాక ఇస్తాలే."

పొగరు. ఎవరి పోలికో వేరే చెప్పాలా.

నవంబరు 21, శుక్రవారం

గెలిచారు!

చివరి బంతి. మైదానం గీత పక్కన నిలబడి అరిచాను — "ఎడమకి! ఎడమకి వెయ్యవే!" కెప్టెన్ గొంతుతో. నా వైపు చూసింది. చూసి, కుడివైపు విసిరింది. అందుకున్నారు!

"మీ పిల్ల ఇక మా పిల్లే" అంది రీమ్, ఇంగ్లీషులో.

లహరి వచ్చి నా భుజం మీద తల పెట్టి, "కోపమా?"

"కోపమెందుకు? ఎడమవైపూ ఖాళీగానే ఉంది."

ఖాళీగా లేదు. ఇక్కడైతే రాసుకోవచ్చు — అటు ఇద్దరు ప్రత్యర్థులు కాపు కాసి ఉన్నారు.

నవంబరు 22

వచ్చే శుక్రవారం పాత జట్టుతోనే ఆట. పొద్దున్నే పద్మ ఫోను, నాకు.

"పెద్దమ్మా, మా పొల్లను మాకియ్యున్రి. ఇప్పుడు మస్తు ఆడుతున్నదట గదా! మీరు జెప్తే ఇంటది."

"మీరే అడగండి. అది నా మాట వినడం మానేసింది."

ఎంత గర్వంగా అన్నానో!

సాయంత్రం. లహరి సోఫాలో. దాని ఫోను మోగుతోంది — పద్మక్క. ఎత్తదు. కట్ చేయదు. ఏం చెయ్యమంటావన్నట్టు నా వైపే చూస్తోంది.

నేను తల ఎత్తను. రాసుకుంటున్నాను.

ఇంకా మోగుతోంది...