మీ నాన్న ఆస్పత్రి కాగితాలు

చిరంజీవి శుసాకుకి అమ్మ దీవెనలు.

ఇక్కడ నేను క్షేమం. ‘అందరం’ అని రాయడానికి ఈ ఇంట్లో ఇంకెవరూ లేరు. చూరుకి ఆరవేసిన చేపలున్నాయి, అవీ క్షేమమే. నువ్వూ కోడలు కయో కులాసాగా ఉన్నారని తలుస్తాను అని రాయాలి. నీ ఉత్తరం చదివాక ఆ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. నా మోకాలు అలాగే ఉంది. మెట్లు దిగేటప్పుడు తిట్టుకుంటాను, ఎక్కేటప్పుడు తిట్టుకునే ఓపిక కూడా ఉండదు. ఈ ఏడు నదిలోకి సాల్మన్ చేప తక్కువగా వచ్చింది. అయినా వందకి పైగా ఉప్పు పట్టించాను. పక్కింటి హత్సుయె గారు సాయం వచ్చింది. ఆవిడ చేతులు ఆగినా నోరు ఆగదు. మూడో మనవడి ఫోటో వేయించిన కొత్త సంవత్సరం కార్డు మీక్కూడా పంపుతానంది. వద్దన్నాను. ఎందుకని అడిగితే తపాలా ఖర్చు దండగ అన్నాను. కిందటేడు వచ్చిన అలాంటి కార్డులన్నీ కయో బోర్లించి పెట్టడం నేను చూశాను.

మీ నాన్న మొదటిసారి ఏ వయసులో తూలారని అడిగావు. నలభై నాలుగో ఏట. తను పనిచేసే చేపపిల్లల కేంద్రం దగ్గర చెక్క మీద నడుస్తూ నదిలో పడ్డారు. పొద్దున్నే తాగొచ్చాడని అందరూ నవ్వారు. తర్వాత మాట ముద్దయింది, చివరికి గంజి కూడా మింగుడు పడలేదు. మీ నాయనమ్మకీ అదే జబ్బు, యాభై దాటాక. అవన్నీ నీకు తెలుసు. మీ నాన్నని ఎత్తి స్నానం చేయించినవాడివి నువ్వే కదా.

స్టేషన్ మెట్ల మీద నీ కాలు తడబడిందని రాశావు. అది మొదలైందనీ, కయోకి జీవితమంతా చాకిరీ మిగల్చలేననీ, విడాకుల కాగితం మీద సంతకం చేసి, ముద్ర వేసి బల్ల మీద పెట్టాననీ రాశావు. కయో ఇంకా తన ముద్ర వేయలేదట. డాక్టరుకి చూపడానికి మీ నాన్న ఆస్పత్రి కాగితాలు పంపమన్నావు. అవి బీరువాలోనే ఉన్నాయి. కట్ట విప్పి, చూసి, మళ్లీ కట్టేశాను. పంపడం లేదు. ఎందుకో చెప్పాలంటే నువ్వు పుట్టకముందుకి వెళ్లాలి. కోప్పడకుండా చదువు. కోప్పడినా చదువు.

పెళ్లయి ఐదేళ్లయినా నాకు కడుపు పండలేదు. మీ నాయనమ్మ పది మంది ఆడవాళ్ల మధ్య కూర్చుని చేప కడుపు చీరేది. గుడ్లు బయటికి తీసి, నావైపు చూడకుండా, ‘దీనికైనా ఉన్నాయి’ అనేది. అందరూ తలలు వంచుకుని నవ్వుకునేవాళ్లు. నేనూ నవ్వాను, అదే పెద్ద తప్పు. ఆవిడ తెప్పించిన కషాయాలు, వేయించిన చురకలు చెబితే ఉత్తరం చాలదు. పట్నంలో పరీక్ష చేయిస్తే నాలో ఏ లోపమూ లేదన్నారు. మీ నాన్నకి ఇరవయ్యో ఏట గవదబిళ్లలు వచ్చాయి. దాంతో బిడ్డలు పుట్టే అవకాశం పూర్తిగా పోయింది. ఆ మాట తల్లికి చెప్పడానికి ఆయనకి నోరు రాలేదు, నన్ను చెప్పనివ్వలేదు. కాబట్టి గొడ్రాలు అన్న పేరు నా మీదే ఉండిపోయింది.

అప్పుడు టోక్యోలో ఒక పెద్ద ఆస్పత్రికి వెళ్లాం. సంతానమిచ్చే దేవుడికి మొక్కుకుని వస్తామని ఇంట్లో చెప్పేవాళ్లం. ఆరు నెలలు, నెలకోసారి. ప్రతిసారీ స్టేషన్ దగ్గర తాయెత్తు కొని మీ నాయనమ్మ చేతిలో పెట్టేవాళ్లం. నువ్వు పుట్టాక ఆవిడ ఆ దేవుడి మహిమ ఊరంతా చెప్పింది. ఎన్నో జంటలు అక్కడికి బయల్దేరాయి. వాళ్లని తలుచుకుంటే ఇప్పటికీ తల కొట్టేసినట్టుంటుంది.

శుసాకూ, నువ్వు మీ నాన్న రక్తం కాదు. పేరు చెప్పని ఒక వైద్య విద్యార్థి ఇచ్చిన బీజంతో పుట్టావు. అతనెవరని అడిగాను. ఆరోగ్యవంతుడు, అంతవరకు తెలిస్తే చాలన్నాడు డాక్టరు. మీ నాన్నదీ అతనిదీ కలిపి వేస్తామన్నాడు. మీ నాన్నదాంట్లో ఏమీ లేదని చెప్పినవాడూ ఆయనే. మరి కలపడమెందుకని అడగలేదు. బిడ్డ మీ నాన్నదే అయుండొచ్చని అనుకోవడానికి ఒక సందు ఉంటుందని మాకు తెలుసు. తిరిగొచ్చేటప్పుడు రైల్లో మీ నాన్న, ‘మా కేంద్రంలోనూ అంతేగా, నాలుగు మగచేపల బీజం ఒకే తొట్టిలోకి పిండి, చేత్తో కలుపుతాం, ఏది ఎవరిదో ఎవడు చూడొచ్చాడు’ అన్నారు. ఇద్దరం నవ్వుకున్నాం. ఆ విషయం గురించి మళ్లీ ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

డాక్టరు చివరిరోజు చెప్పిన మాట మాత్రం నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. “ఇది మీ ఇద్దరితోనే పోవాలమ్మా. బిడ్డకి చెప్పారంటే వాడి బతుకు పాడుచేసినవాళ్లవుతారు.”

నేను మంచి రోగిని. చెప్పినట్టే చేశాను.

మీ నాన్న జబ్బు వంశపారంపర్యమని తేలిన రోజు నేను లోపల సంతోషించాను. ఇది నా కొడుక్కి రాదు అనుకున్నాను. పక్కన మొగుడు తూలుతుంటే సంతోషించిన ఆడదాన్ని నేను. ఆయన నా చెయ్యి పట్టుకుని, ముద్దముద్దగా, “వాడికి చెప్పకే. నేను పోయేదాకా నన్ను నాన్నా అననీ” అన్నారు. ఒప్పుకున్నాను. అందులో తప్పు లేదని ఇప్పటికీ అనుకుంటాను. కానీ ఆయన పోయి పద్నాలుగేళ్లయింది. ఈ పద్నాలుగేళ్లూ నోరు కుట్టేసుకున్నది ఆయన కోసం కాదు. ఊళ్లో నా మొహం ఏమవుతుందో అని. నువ్వు ఇక ఈ ఇంటికి ఎందుకొస్తావు అని.

ఆ జబ్బుకి పరీక్ష చేయించుకోను, తెలిసి బతకలేను, పిల్లల్ని మాత్రం కనను అని నువ్వు పెళ్లికి ముందే కయోకి చెప్పావు. ఆ పిల్ల ఒప్పుకుంది. బంధువులు మాత్రం లోపం ఆమెదే అన్నారు. నా చేపల అంగట్లో నా ముందే అన్నారు. నేను ‘దేవుడు ఇవ్వలేదు’ అని సరిపెట్టాను. మా అత్తగారు చేప కోస్తూ అంది, నేను చేప పొట్లం కడుతూ విన్నాను. అంతే తేడా.

ఆ విడాకుల కాగితం చించెయ్యి. నీ కాలు తడబడితే ఎముకల డాక్టరుకి చూపించుకో. అలసటో, చెప్పులో, ఏదో ఉంటుంది. అది మీ నాన్నది మాత్రం కాదు. ఈ ఉత్తరం కయోకి ఇవ్వు. తను పూర్తిగా చదివేదాకా నువ్వేమీ మాట్లాడకు. తర్వాత నన్ను గడప తొక్కనివ్వనంటే, నా తరఫున ఒక్క మాట కూడా చెప్పొద్దు.

ఇక్కడితో ఆపి కవరు అంటించాను. మళ్లీ చించాను. ఇంకొకటి ఉంది.

ఆరేళ్ల కిందట, ఎంత జాగ్రత్తపడినా కయోకి నెల తప్పింది. ఎనిమిది వారాలు. సగం సగం అవకాశం మీద ఒక ప్రాణాన్ని భూమ్మీదికి తేలేమని మీరిద్దరూ ఏడ్చి నిర్ణయించుకున్నారు. నీకు సెలవు దొరకక నన్ను పిలిచావు. ఆస్పత్రికి నేనే తీసుకెళ్లాను. సంతకం చేసేటప్పుడు తన సంచి పట్టుకుని పక్కన నిలబడ్డాను. తలుపు తెరిచి లోపలికి పిలిచేదాకా ఇరవై నిమిషాలు ఉంది. ఒక్క మాట చాలు. నేను గోడ మీద కాలెండరు చూస్తూ కూర్చున్నాను.

మూడు రోజులు మీ వంటింట్లో గంజి కాచి పెట్టాను. మూడో రోజు కయో పక్క మీంచి లేచి, నేల మీద చేతులానించి నా ముందు తల వంచింది. “అత్తయ్యా, మీ ఇంటికి బిడ్డని ఇవ్వలేకపోయాను. క్షమించండి” అంది.

పరవాలేదమ్మా అన్నాను. లేవదీసి, గంజి తాగమన్నాను. చూశావా నాయనా, ఆ పిల్లని నేను క్షమించాను.

ఇట్లు,
నిన్ను కని, నీ బిడ్డని పోనిచ్చిన
అమ్మ