మీటింగ్ సీన్

కృష్ణానగర్,
ఫిబ్రవరి 3.

ప్రియమైన అమ్మకు,

మీ సెట్‌లో ఫోన్లు గేటు దగ్గరే తీసేసుకుంటున్నారు కాబట్టి కాగితం, కలం పట్టాల్సి వచ్చింది. ఉతికిన కాస్ట్యూములు తెచ్చే వ్యాన్‌లో మన గల్లీ మనోజక్క ఈ ఉత్తరం పెడుతోంది. జవాబు కూడా అందులోనే పంపు.

నిన్న మన నాలా గట్టు సంఘం మీటింగ్ పెట్టాం. అరవై నాలుగు ఇళ్ళకు పదకొండు మంది వచ్చారు. ఈ నెల అధ్యక్షత వంతు పక్కింటి లక్ష్మయ్య మామది. ఆయనే గంట ఆలస్యం. "ఏంది బిడ్డా, మొగం గట్ల పెట్టినవ్? సెట్టు పని సగంల ఇడిచిపెట్టి ఉరికొస్తనా?" అన్నాడు. వడ్రంగం లేని రోజు షూటింగుల్లో గుంపులో నిలబడే క్రౌడ్‌కి, క్రౌడ్ లేని రోజు వడ్రంగానికి వెళ్తాడు. ఎవరిని అడిగినా ఇదే సమాధానం. నాయకుడు లేని సంఘం అని గొప్పగా పెట్టుకున్నాం. నాయకుడు లేకపోతే తిట్టడానికి కూడా ఎవరూ దొరకరని ఇప్పుడు తెలుస్తోంది.

ఫిల్మ్ నగర్‌లో విప్పేసిన సెట్ల థర్మోకోలూ ప్లైవుడ్డూ తెచ్చి మన ఇళ్ళ వెనక తగలబెడుతున్నారు కదా, ఆ కంపెనీ ఇప్పుడు అక్కడే శాశ్వతంగా యార్డు కట్టుకుంటానని అనుమతి అడిగింది. ఇచ్చే ముందు చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళ మాట వినాలట. ఎప్పుడు వింటారని ఆ అనుమతులిచ్చే ఆఫీసుకి నాలుగు సార్లు వెళ్ళాను. "బోర్డు మీద నోటీసు అంటిస్తాం, చూసుకోండి" అంటాడు కిటికీ వెనక ఆయన, నా మొహం చూడకుండానే. డిగ్రీ పాసయింది బోర్డులు చదవడానికేనేమో అనిపిస్తోంది.

మనోజక్క కూతురికి మళ్ళీ ఆయాసం. నెబ్యులైజర్ పెట్టించుకుని వచ్చారు. యార్డు వచ్చేసిందంటే ఇక పొగ ఆగదమ్మా. ఒక్క రోజు సెలవు అడిగి రా. నువ్వు పిలిస్తే గల్లీ అంతా కదులుతుంది. నేను పిలిస్తే తలుపు సగమే తీస్తున్నారు.

నీ కూతురు,
శ్రీనిధి

*

సెట్ నుంచి,
ఫిబ్రవరి 7.

బంగారు తల్లి నిధికి,

అమ్మ దీవెనలు. ఈ ఉత్తరం రాస్తున్నది కాస్ట్యూమ్స్‌లో పనిచేసే అపూర్వ. "నువ్వు చెప్పు పిన్నీ, ఉన్నది ఉన్నట్టు రాస్తాను" అంది. కాబట్టి తిట్లు వచ్చినా నావే అనుకో.

సెలవు కుదరదే. నేను సంతలో గాజులమ్మే ముసలిదాన్ని. హీరో నా దగ్గర ఆగి గాజులు కొంటాడు. సీను సగం తీశారు. ఇప్పుడు నేను లేస్తే బుట్ట ఉంటుంది, నేనుండను. కంటిన్యుటీ పోతుందని డైరెక్టరు గారు నన్ను నీళ్ళు తాగడానికి కూడా అనుమానంగానే పంపుతున్నారు. పైగా డైలాగుందే! "కొలత చూసి తీసుకో బాబూ." ఇరవై రెండేళ్ళలో నాకిదే మొదటి మాట. పడుకునే ముందు నాలుగు రకాలుగా అనుకుంటుంటే పక్క మంచం ఆవిడ దుప్పటి విసిరింది.

నువ్వు అందరి మీదా విసుక్కోకు. తెల్లారి అయిదింటికి ఏజెంటు ఫోన్ చేస్తే వెళ్ళేవాళ్ళకి మీటింగు గుర్తుంటుందా? ఈ నెల పనుల్లేక మనవాళ్ళు ఎంత అల్లాడుతున్నారో నాకు తెలుసు. ఒక రోజు పనైనా తగిలేలా నావంతు ఒక మాట వేశాను. నవ్వు మొహంతో పిలువు, వస్తారు. వేళకి తిను.

నీ అమ్మ,
సుబ్బులు

*

కృష్ణానగర్,
ఫిబ్రవరి 15.

అమ్మా,

క్షేమ సమాచారాలు రాసే ఓపిక లేదు. అంతా అయిపోయింది.

మొన్న గురువారం బోర్డు మీద కొత్త కాగితం కనిపించింది. విచారణ తేదీ అనుకుని దగ్గరికి వెళ్తే "విచారణ పూర్తయినది" అని ఉంది. లోపలికి పరుగెత్తాను. ఫైలు చూసే అధికారి సుబ్రహ్మణ్యం గారు. "నోటీసు అంటించాం, గాలికి ఊడిపోయి ఉంటుంది. మా మనిషి వెళ్ళి రాసుకొచ్చాడు" అని ఫోటోలు నా ముందు పెట్టారు.

ఏదో ఫంక్షన్ హాలు. నలభై ఒక్క మంది కుర్చీల్లో కూర్చుని చేతులెత్తారు. ముందు వరసలో లక్ష్మయ్య మామ. పక్కనే మనోజక్క. అందరూ మనవాళ్ళే అమ్మా! కింద సంతకాలు, వెనక ఆధార్ జిరాక్సులు. యార్డు మాకు సమ్మతమే అని పైన టైపు చేసి ఉంది.

గల్లీకి వచ్చి మనోజక్కని పట్టుకున్నాను.

"షూటింగే కదే అది! మీటింగ్ సీన్ అన్నారు. లీడరు మాట్లాడతాడు, అయ్యాక చేతులెత్తండి అన్నారు. కెమెరా ఉంది, లైట్లున్నాయి, ఇడ్లీ పెట్టారు."

"సంతకం ఎందుకు పెట్టావక్కా?"

"ఏ షూటింగ్‌లో పెట్టలేదు? ఆధార్ ఏ సెట్టులో అడగలేదు?"

"పోనీ ఆ లీడరు ఏం మాట్లాడాడు?"

"ఎవరు వింటారే? మేం క్రౌడ్ కదా!"

గోడకేసి తల బాదుకోవాలనిపించింది. నిన్న పన్నెండు మందిని వెంటబెట్టుకుని ఆఫీసుకి వెళ్ళాను. మోసం చేశారు, అది సినిమా అనుకున్నాం అని చెప్పారు. సుబ్రహ్మణ్యం గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ, "ఆ రోజు నటించామంటున్నారు. ఇవాళ నటించడం లేదని నేనెలా నమ్మాలి? మీ వృత్తి అదేగా" అన్నారు. అంతలో మనోజక్కకి దగ్గు తెర వచ్చింది. నిజం దగ్గే. అక్కడున్న గుమాస్తా నవ్వాడు. ఆ నవ్వు నేను మర్చిపోలేను.

కదలనని కూర్చుంటే చివరికి 24న ఒక్కసారి వింటానన్నారు. ఈసారి తడబాటుండకూడదు. ఎవరెవరు ఏం చెప్పాలో నేనే రాసి, రోజూ సాయంత్రం చదివిస్తున్నాను. లక్ష్మయ్య మామ ముందు మాట్లాడతాడు.

ఒక్కటి మాత్రం తేల్చుకోవాలి. ఆ షూటింగ్‌కి క్రౌడ్ ఏజెంటు పరబ్రహ్మం నాలా పక్క ఇళ్ళవాళ్ళనే ఏరి ఏరి పిలిచాడు. ఎవరు ఏ ఇంట్లో ఉంటారో ఆ పేర్లు వాడికెవరిచ్చారు? తెలిసిన రోజు సంఘంలోంచి వాళ్ళ పేరు కొట్టేయిస్తాను. జన్మలో వాళ్ళ మొహం చూడను.

శ్రీనిధి

*

సెట్ నుంచి,
ఫిబ్రవరి 18.

నిధీ,

ఆ పేర్లిచ్చింది నేనే.

ఇది చెప్పగానే అపూర్వ కలం ఆపేసింది. రాయవే అన్నాను. పరబ్రహ్మం ఇక్కడికి సంత సీనుకి జనాన్ని తెచ్చాడు. "సుబ్బులమ్మా, మీ ఇళ్ళ దగ్గర్లోనే ఒక రోజు షూటింగ్ ఉంది, ఖాళీగా ఉన్నవాళ్ళ పేర్లు చెప్పు, పాపం వాళ్ళకీ పని దొరుకుతుంది" అన్నాడు. ఒక్కో ఇల్లూ గుర్తు తెచ్చుకుని చెప్పాను. అపూర్వే రాసిచ్చింది, ఆ పిల్లకేం తెలీదు. నలుగురికి అన్నం పెట్టినంత సంబరపడ్డాను. వాళ్ళనొక మాట అడగాలని తోచలేదు. సంఘం పెట్టిన రోజున ఒకరి బదులు ఇంకొకరు మాటివ్వకూడదని పట్టుబట్టింది నేనే. ముందు నా పేరు కొట్టేయించు. ఈ కాగితం ఆ ఆఫీసరుకి చూపించు. కింద వేలిముద్ర వేస్తున్నాను.

ఇంకొకటి చెబుతాను, కోపం వచ్చినా విను. వాళ్ళు ఏం మాట్లాడాలో నువ్వు రాసిస్తున్నానన్నావు. ఎవరో చెప్పిన చోట నిలబడి, ఎవరో చెప్పినప్పుడు చెయ్యెత్తడమే ఇరవై రెండేళ్ళుగా నా పని. పరబ్రహ్మం చేయించిందీ అదే. నువ్వు మంచికే చేయిస్తున్నావు, నాకు తెలుసు. కానీ చేసేవాళ్ళకి రెండూ ఒకలాగే ఉంటాయే.

మేనేజరుని సెలవడిగాను. వెళ్తే మళ్ళీ రానక్కర్లేదన్నాడు. ఉండిపోయాను. దానికీ నన్ను తిట్టు.

అమ్మ

*

కృష్ణానగర్,
ఫిబ్రవరి 26.

అమ్మకు,

ఎనిమిది రోజులు జవాబివ్వలేదు. ఏం రాయాలో తెలియక కాదు, రాస్తే ఏం రాస్తానో తెలిసి.

నీ మాట కూడా వినలేదు. 24న అందరి చేతుల్లోనూ నేను రాసిన కాగితాలే. లక్ష్మయ్య మామ లేచి గుండె మీద చెయ్యి వేసుకుని, ఆగాల్సిన చోట ఆగి, గొంతు పెంచాల్సిన చోట పెంచి అద్భుతంగా చెప్పాడు. సుబ్రహ్మణ్యం గారు చివరిదాకా విని, "బాగుందండీ. ఎవరు రాశారు?" అన్నారు. గది మొత్తం నవ్వింది. మామ కాగితం మడిచి నా వైపు చూశాడు. నాకు తల ఎత్తడం చేతకాలేదు.

ఇక నా దగ్గర మిగిలింది నీ ఉత్తరమే. తీసి పైకి చదివాను. మొత్తం చదివాను, నన్ను అన్న మాటలతో సహా.

చదవడం పూర్తి కాకుండానే మనోజక్క లేచింది. "సుబ్బులక్క ఇచ్చిందా? నా పేరివ్వడానికి ఆవిడెవరు?"

"జర కూసో మనోజా," అన్నాడు లక్ష్మయ్య మామ. "ఆమెనేమనకు. అందరు షూటింగ్ అనుకున్నరేమో, నేనైతే నిజంగనే చెయ్యి లేపిన."

మనోజక్క గిర్రున ఆయన వైపు తిరిగింది. మామ ఆపలేదు.

"గా లీడరు మాటలు నేను ఇన్న. యార్డు వస్తే ఇప్పిన సెట్ల చెక్క ఏరే పని గల్లీ వాళ్లకే ఇస్తమన్నడు. సెట్లన్నీ కంప్యూటర్లనే ఏస్తుండ్రు. నా రంపానికి తుప్పు పట్టింది. నేనేం జేసి బతకాలె?"

"నీ చెక్క కోసం నా కూతురు ఊపిరాడక చావాలా మామా?"

"నీ బిడ్డ నాకు మనుమరాలసొంటిది కాదా? కాల్చకుంట ఏరుతమని రాసియ్యమందం!"

"వాళ్ళు రాసిస్తే నువ్వు నమ్ముతావా? ఇడ్లీ పెట్టి సంతకం తీసుకున్నోళ్ళని?"

అంతే, గది రెండుగా చీలింది. మామ వైపు ఇంకో ఎనిమిది మంది లేచారు. కుర్చీ ఒకటి బోర్లా పడింది. ఆగండి, పరువు తీయకండి అని నేను అరుస్తున్నాను. సుబ్రహ్మణ్యం గారు మాత్రం గుమాస్తా చేతిలోంచి పుస్తకం లాక్కుని, "నువ్వాగమ్మా" అన్నారు నాతో. "వీళ్ళు ఒకళ్ళతో ఒకళ్ళు మాట్లాడుకుంటున్నారు. ఇది నేను రాసుకోవాలి. ఒక్కొక్కరు చెప్పండి." రెండు గంటలు రాశారు. నీ వేలిముద్ర కాగితం ఫైల్లో పెట్టారు. పాత విచారణ పక్కన పెట్టి, మార్చిలో మన గల్లీలోనే మళ్ళీ విచారణ చేస్తారట. అంతవరకు అనుమతి లేదు.

గెలిచామని సంబరపడకు. నిన్న కూడా రెండు లారీలు వచ్చాయి. కాల్చారు. అనుమతి లేకుండా కాలుస్తున్నారని ఫిర్యాదు ఇస్తే, అది వేరే కిటికీ అన్నారు.

సాయంత్రం సంఘం కూర్చుంది. ఈసారి నలభై ఎనిమిది మంది. నీ పేరు కొట్టేయమని నేనే ప్రతిపాదించాను. ఓడిపోయాను. నువ్వు వచ్చి అందరి ముందూ నిలబడి చెప్పాలన్నారు, అంతవరకు నీకు ఓటు లేదన్నారు. నాకు మాత్రం నీ మీద కోపం పోలేదు. పోయినట్టు రాయడం కూడా ఇష్టం లేదు.

మామతో ఇంకా మాట్లాడలేదు. రెండేళ్ళుగా ప్రతి మీటింగ్‌లో ఆయన్ని మనవైపే లెక్కేశాను, ఎందుకంటే ఆయన ఇల్లు కూడా పొగలోనే ఉంది. రేపు ఆయన పని వెతుక్కుంటూ వెళ్ళేలోగా ఇంటికి వెళ్తాను. వడ్రంగం లేని రోజుల్లో ఆ ఇల్లు ఎలా గడుస్తోందో అడుగుతాను. మధ్యలో గోడ ఒక్కటే ఉన్నా, ఇన్నాళ్ళూ ఆ మాట అడగలేదు.

కోపంగానే,
నీ నిధి