పూజకు ముందటి కాపీ

సెప్టెంబర్ 23, మంగళవారం

యామిని వచ్చి నెల కూడా కాలేదు. అప్పుడే ఆఫీసంతా యామిని, యామిని. ప్రింటర్ ఆగినా మా మేనేజర్ మునీంద్ర సార్‌కు యామినే కావాలి. ఈ కల్లూరు చేనేత సంఘంలో ఇన్నేళ్లుగా కంప్యూటర్లు చూస్తున్నది నేను. రాయచోటి నుంచి నిన్న గాక మొన్న వచ్చిన పిల్ల నాకు డేటాబేస్ నేర్పుతుందట!

ఈరోజు మీటింగ్‌లో సార్ ముందే నా పేరెత్తి అంది. అరుణజ్యోతక్క తీసే బ్యాకప్ ఒకటే చాలదు సార్, డేటా బ్లాకులు ఒక్కోటీ చదివి చెడిపోలేదని చెక్ చేయాల, లేకుంటే మూట ఇప్పకుండా పైన చీటీ చూసి చీరలు బాగుండాయి అనుకున్నట్టే అని. శానా బాగా చెప్పినావు పాపా అన్నారు సార్. నేనూ నవ్వాను. పళ్లు కొరుక్కుంటూ నవ్వడం నాకు బాగా వచ్చు.

సెప్టెంబర్ 30

చెక్ చేసింది. బ్లాకులన్నీ బాగున్నాయి. నా పనిలో వంక దొరకనందుకు యామిని మొహం మాడుతుందనుకున్నా. చప్పట్లు కొట్టింది. సాయంత్రం అలవాటు ప్రకారం ఒక కాపీ నా సొంత హార్డ్ డిస్క్‌లో వేసుకుని ఇంటికొచ్చాను.

అక్టోబర్ 1, ఆయుధపూజ

సర్వర్‌కు పసుపు, కుంకుమ, బంతిపూల దండ. గుమ్మడికాయ కొట్టారు. హారతి పళ్లెం యామిని చేతికిచ్చారు. పోయినేడు నాకిచ్చారు.

అక్టోబర్ 3, పొద్దున

కొంప మునిగింది. పూజ అయ్యాక మా అటెండర్ గురప్ప సర్వర్ నడుస్తుండగానే మెయిన్ స్విచ్ తీసేశాడు. సార్ అరిస్తే, పండగనాడు మగ్గం ఆపుతాం, దారం తిప్పే నాడె కూడా ముట్టం, ఇదొక్కటే గుర్రుమని పని చేస్తాంటే పాపం కాదా సార్, దానికీ ఒక దినం సెలవిచ్చినా అన్నాడు. నేతింట పుట్టినవాడు. ఏమనగలం?

ఈరోజు ఆన్ చేయగానే బ్యాకప్ దానంతటదే నడిచి, పాతదాన్ని చెరిపేసింది. తర్వాత యామిని చెక్ చేస్తే చీరల డిజైన్లు దాచే టేబుల్‌లో కొన్ని బ్లాకులు చెడిపోయి కనిపించాయి. కొత్త బ్యాకప్‌లోనూ అవే చెడ్డ బ్లాకులు.

అక్కా, పూజకు ముందుది ఏమన్నా కాపీ ఉండాదా నీ కాడ అని నన్నడిగింది.

లేదన్నాను.

ఎందుకన్నానో నాకు బాగా తెలుసు. ఒక్కసారైనా దాని చేతిలో ఏదో ఒకటి పాడవ్వాలి.

అక్టోబర్ 4

రిపేర్ చేస్తే చదవలేని బ్లాకులు పోతాయి, మిగతావి దక్కుతాయి అని ముందే సార్‌కు చెప్పి, ఒప్పించుకుని మరీ రిపేర్ నడిపింది. మళ్లీ చెక్. తప్పులు సున్నా. సార్ మైసూర్‌పాక్ తెప్పించారు. డేటాబేస్‌ను కాపాడిందట!

నేను తలచిందొకటి, అయిందొకటి. పోయినవి ఏవో నేను వెతికి చూశాను. వాటిలో మా ముసలి నేతగత్తె సుబ్బక్క గీసిచ్చిన చీర అంచు డిజైన్ ఉంది.

అక్టోబర్ 5, ఆదివారం

హార్డ్ డిస్క్ బీరువాలో చీరల కింద ఉంది. మాటిమాటికీ పోయి చూసి వస్తున్నాను.

అక్టోబర్ 8

సుబ్బక్క వచ్చింది. బద్వేలు దగ్గరి పల్లెలో నేత నేస్తుంది. మా సంఘంలో ఆమెకంటే పాతవాళ్లు లేరు. పడుగు దారాలు మగ్గానికి ఎక్కించి పెట్టిందట, తాను గీసిన అంచు డిజైన్ కావాలంది.

యామిని దాచలేదు. పోయింది అవ్వా, రిపేర్ చేసింది నేనే, తప్పు నాదే అని ఏడ్చింది. ఆ ఏడుపు చూడాలనే కదా నేను కాచుకున్నది. చూశాను. ఏమీ బాగాలేదు.

సుబ్బక్క దాన్ని ఒక్క మాట అనలేదు. నా వైపు తిరిగింది. అంచు నేసేదానికి చిల్లులు గుద్దిన అట్టలు పాతసామాన్లోళ్లకు ఏసెయ్, కంప్యూటర్‌లో భద్రంగా ఉంటాదని నువ్వే కదమ్మా చెప్పింది, ఇప్పుడు నా అంచు యాడ ఉండాది చెప్పు అంది. చేతులు వణుకుతున్నాయి, ఇంకోసారి గీయలేనంది. ఎల్లుండి లోపల దొరక్కపోతే పడుగు కోసేయాల్సిందేనంది.

యాడ ఉందో నాకు తెలుసు. ఇస్తే నా అబద్ధం బయటపడుతుంది. యామిని దేవత, నేను దొంగ. సుబ్బక్క బస్సుకు వెళ్లిపోయింది.

అక్టోబర్ 9

ఇచ్చేశాను.

హార్డ్ డిస్క్ సార్ టేబుల్ మీద పెట్టాను. తెరవకముందే యామిని బ్లాకులన్నీ చెక్ చేసింది. ఆ పిల్ల ఊరుకోదు కదా. ఒక్కటీ చెడలేదు. సుబ్బక్క అంచు పువ్వులతో సహా స్క్రీన్ మీదికి వచ్చింది. గురప్ప ఆమెకు ఫోన్ చేయడానికి పరిగెత్తాడు.

సార్ కాపీ మీద తేదీ చూశారు. ఇన్ని దినాలు ఇది యాడ పెట్టుకోనుంటివమ్మా అన్నారు, మెల్లగా. యామిని నా మొహంలోకి చూసింది. నేను లేదన్న మాట మా ఇద్దరికీ ఒక్కసారే గుర్తొచ్చింది. నేను తల దించుకున్నాను.

అక్టోబర్ 10

తిడుతుందనుకున్నాను. నా టేబుల్ మీద టీ పెట్టి, వేడిగా ఉండాది, తాగక్కా అని పోయింది.

మన్నించడంలో కూడా అదే ముందు. టీ ముట్టలేదు.