మొగిలయ్య మార్గ్

నాచారం, 4-6-2011
వార్డు అధికారి హైమావతిగారికి, నమస్కారం.
నేను రిటైరైన లైబ్రేరియన్‌ని. నిన్న మా వీధి మొదట్లో ‘మొగిలయ్య మార్గ్’ అని బోర్డు వెలిసింది. ముప్పై అడుగుల రోడ్డని చెప్పి మాకు ప్లాట్లు అమ్మి, అందులో ఎనిమిది అడుగులు తన ప్రహరీలో కలుపుకున్న పెద్దమనిషి ఆయన. నేను చదివిన చరిత్రలో రోడ్లు వేసినవాళ్ల పేర్లు పెట్టారు, మింగినవాళ్లవి కాదు. నా చిరునామాలో ఆ పేరు రాసుకుని బతకలేను. తీయించండి.
ఇట్లు,
బి. సంజీవరావు
తా.క. బోర్డు మీద ఆయన ఫోటో కూడా ఉంది. వెనక కనిపిస్తున్నది ఆ ప్రహరీయే.

ఉప్పల్, 20-6-2011
సంజీవరావుగారికి,
ఫోటోతో బోర్డు పెట్టారంటే మొగిలయ్యగారు కాలం చేశారని గ్రహించాం. మా సంతాపం. ఆ బోర్డు మేం పెట్టింది కాదు. చనిపోయినవారి పేర్లే వీధులకు పెట్టాలన్నది మా నిబంధన. మరణ ధ్రువపత్రం జతచేస్తే పేరు ఖాయం చేస్తాం.
భవదీయ,
హైమావతి
తా.క. వారి సేవల గురించి మీరు రాసింది సరిపోదు. ఇంకొంచెం రాయండి.

నాచారం, 23-6-2011
హైమావతిగారికి,
సంతాపం తొందరపడి తెలిపారు. మొగిలయ్య బతికే ఉన్నాడు. రోజూ పొద్దున వచ్చి ఆ బోర్డు కింద నిలబడతాడు. మొన్న నన్నాపి, “సారూ, లైబ్రరీల గన్ని పుస్తకాలు సదివిన్రు, జర గిది గూడ సదువున్రి” అన్నాడు. మీ నిబంధన ప్రకారమే ఆ బోర్డు తీయించండి.
ఇట్లు,
సంజీవరావు
తా.క. మీ సంతాపం ఆయనకు చదివి వినిపించాను. ఈ మధ్య నాకు కలిగిన సంతోషం అదొక్కటే.

ఉప్పల్, 18-7-2011
సంజీవరావుగారికి,
బోర్డు తీయించాం. కొత్త పేరు సూచించమంటే మీ వీధివాళ్లు నలభై ఒక్క సంతకాలతో అర్జీ ఇచ్చారు. అందులో ఉన్నది మీ పేరు. మొదటి సంతకం మొగిలయ్యగారిది. మీరు బతికే ఉన్నారని ఆయనకు గుర్తుచేశాను. “ఫికర్ లేదు మేడమ్, మేం ఆగుతం” అన్నారు. అర్జీ పెండింగులో ఉంచాం.
భవదీయ,
హైమావతి
తా.క. బోర్డు కూడా రాయించి తెచ్చారు. ఫోటోలో మీరు బాగున్నారు.

నాచారం, 21-7-2011
హైమావతిగారికి,
ఆ ఫైలు జాగ్రత్తగా ఉంచండి. దానికి తోడుగా, ఈ వీధికి మొగిలయ్య పేరు పెట్టాలని నేనూ అర్జీ పంపుతున్నాను. మొదటి సంతకం నాది. ఎవరి ధ్రువపత్రం ముందొస్తే వాళ్ల బోర్డు పెట్టండి. ఆయన నాకన్నా మూడేళ్లు పెద్ద.
ఇట్లు,
సంజీవరావు
తా.క. మానేసిన బీపీ మాత్రలు ఈ రోజు నుంచి మళ్లీ వేసుకుంటున్నాను.