అరగంట అధ్యాయం

ప్రార్థన గది,
జూలై 14, ఉదయం

నీళ్ల టీచరమ్మ గారికి,

దైవకృప వల్ల మీరూ మీ ఇంటివారూ కులాసాగా ఉన్నారని తలుస్తూ, ఇక్కడి సంగతులు ఉన్నవి ఉన్నట్టు తెలియజేస్తున్నాను.

కిందటి వారం మీరొచ్చి ఇరవై రెండు ఇళ్లలో బిందెల నీళ్లు పరీక్షించారు. గాజు గొట్టంలో మాత్ర వేస్తే, మందు కలిపిన నీళ్లయితే గులాబీ రంగుకి తిరగాలన్నారు. మూడిళ్లలో తప్ప తిరగలేదు. బిందెలో క్లోరిన్ మందు చుక్కలు వేయడం ఎవరింట్లో ముందు మానేశారో, ఎందుకు మానేశారో కనుక్కోమన్నారు. వచ్చే సోమవారం పక్క ఊళ్లలో ఇదే పాఠం మొదలవుతుంది కనుక, తప్పెక్కడుందో ఈలోగా తెలియాలన్నారు. ఇల్లిల్లూ తిరిగాను.

మార్చిలో మీరు చుక్కలు వేసి అరగంట ఆగాలని చెప్పినప్పుడు, అంతసేపు ఎవరాగుతారని జనం గొణిగారు. నేను లేచి, బిందె మీద మూత పెట్టి, గ్రంథంలో ఎడారి ప్రయాణం అధ్యాయం పైకి చదవండి, చివరి వచనానికి సరిగ్గా అరగంట అన్నాను. ఆ ఉపాయం మీరూ మెచ్చుకున్నారు.

ముందు కుట్టుమిషన్ ఆవిడను అడిగాను. ఆ వాసనేంటి అయ్యగారూ, ఆస్పత్రి నేల తుడిచిన గుడ్డ నోట్లో కుక్కుకున్నట్టుంటే ఎట్లా తాగేది, చదవడం మాత్రం ఒక్కపూట మానలేదు అంది. చదివితే పురుగు చస్తుందా అని గద్దించాను. మీరు చదివితే దయ్యాలే పరుగెడతాయని మీరే అంటిరిగా, పురుగెంత అని నన్నే నిలేసింది.

సైకిళ్లు బాగుచేసే ముసలాయన, అధ్యాయం నోటికొచ్చేసిందయ్యా, పంక్చరు వేస్తూ చదివేస్తున్నా, చుక్కలు మా ఇంటిది చూసుకుంటుందనుకున్నా అన్నాడు. ఆవిడేమో, మీ శిష్యుడు చదువుతున్నాడుగా, మధ్యలో నేనెందుకు అనుకున్నా అంది.

తొమ్మిది మందికి వాంతులూ విరేచనాలూ పట్టుకున్నాయి. ఎనిమిది మంది లేచి తిరుగుతున్నారు. తొమ్మిదోది నాలుగేళ్ల మా మనవరాలు. ఆరు రోజులుగా ఆస్పత్రిలో సెలైన్ మీద ఉంది.

మొన్నటి ప్రసంగంలో ఎవరినీ వదల్లేదు. దేవుడు మీకు నోరొక్కటే ఇచ్చాడా, మందు సీసా మూత తీయడానికి చేతులివ్వలేదా అని అడిగాను.

నేను తేల్చుకున్నదేమంటే, అధ్యాయంలో లోపం లేదు, లోపమంతా జనం బద్ధకంలో ఉంది. పక్క ఊళ్లలోనూ అలాగే చెప్పండి. కావాలంటే నేనే వచ్చి చదివిస్తాను.

సత్యం చెప్పే పనిలో మీ సోదరుడు,
ప్రసంగాల పెద్దాయన

తా.క. అంటించిన కవరు మళ్లీ విప్పాను. ఎవరింట్లో ముందు అన్న ప్రశ్నకు పైన జవాబు రాయలేదు. మా ఇంట్లో. మే నెలాఖరుకి సీసా అయిపోయింది. మామయ్యా, ఇంకోటి తెండి అని కోడలు రెండుసార్లు అడిగింది. ఇవి నేను చదివిన నీళ్లమ్మా, ఏమీ కాదు, తాగండి అన్నాను. జాకెట్టు ఇవ్వడానికొచ్చి గుమ్మంలో నిలబడ్డ కుట్టుమిషన్ ఆవిడ ఆ మాట విన్నది. మొన్న నేను గద్దించినప్పుడు ఆ మాట కూడా నా మొహం మీదే అడిగింది. అదీ పైన రాయలేదు.

పక్క ఊళ్లకి అధ్యాయం వద్దు, గడియారం తీసుకెళ్లండి. ఈ కాగితం ఈ పూట సభలో పైకి చదివాకే పోస్టు చేస్తాను.

నిన్న సాయంత్రం పాప కళ్లు తెరిచి నీళ్లడిగింది. గ్లాసు నేను అందించబోయాను. కోడలు దాన్ని నా చేతిలోంచి తీసుకుని పారబోసి, వేరే నీళ్లు పోసి తనే తాగించింది.