కృప ఊరికే, చీపురు నాకే

చెల్లీ,

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం, కార్డు చూసి కంగారుపడకు. మా లూథరన్ గుడిలో మీ బావగారు మూడు ఆదివారాలుగా ఒకటే ప్రసంగం: "దేవుడి కృప ఊరికే వస్తుంది, మనం చేసే పనుల వల్ల కాదు." సంఘమంతా ఆమెన్ అంది. తీరా శనివారం గుడి ఊడవడానికి ఒక్కరూ రాలేదు! ఈ వారం వంతు మీదేగా అని అడిగితే టైలరుగారి భార్య, "పనుల వల్ల కాదని పాస్టరుగారే చెప్పారు కదమ్మా!" అని నవ్వింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ముప్పై బెంచీలూ ఒక్కదాన్నే తుడిచాను. ఇంటికొచ్చి మీ బావగారిని కడిగేస్తే ఆయన తాపీగా, "పోనీలే, ప్రసంగం వింటున్నారన్నమాట" అన్నారు. తల ఎక్కడ కొట్టుకోను?

నడుం పట్టేసింది, అమ్మ రాసుకునే తైలం ఒక సీసా పంపు. అమ్మ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? మీ పెరటి గోడ కట్టడం అయిందా?

మీ ఇంట్లో ఉంచిన నా కుట్టుమిషను నన్నడక్కుండా ఎవరికో ఇచ్చేశావు. తప్పయిందని నువ్వు రాసేదాకా నీకు ఉత్తరం ముక్క రాయకూడదని ఆరు నెలలు బిగుసుకు కూర్చున్నాను. నువ్వు రాయలేదు. తప్పు ముమ్మాటికీ నీదే. అయినా రాశాను.

పిల్లలకు దీవెనలు.

అక్క